అక్క కొడుకు, మెకానికల్ సీటు, రాజ్ రెడ్డి గారు

పోయిన ఆదివారం పొద్దున్నే కోదాడ నుంచి అక్క ఫోన్. ఆదివారం తొమ్మిది లోపు అక్క ఫోన్ చేసిందంటే రెండే కారణాలు. ఎవరికో ఒంట్లో బాగాలేదు, లేదా నాతో ఎవరికో చెప్పించాల్సిన మాట ఒకటుంది. ఈసారి రెండోది.

"తమ్ముడూ, వీడు మెకానికల్ తీసుకుంటడంట. ర్యాంకు మంచిదే వచ్చింది, సీఎస్ఈ వస్తది. మీ బావ చెప్పిండు, నేను చెప్పిన, వింటలేడు. నువ్వు చెప్తే వింటడు. నువ్వు కూడా మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌కే పోయినవ్ గదా, అదే చెప్పు."

నా జీవితచరిత్ర మొత్తాన్ని అక్క ఒక్క వాక్యంలో తేల్చేసింది. కాదనడానికేం లేదు. మెకానికల్ పట్టా చేతికొచ్చిన మూడో నెలలో అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. ఆ తర్వాత బెంచి మీద కొన్నాళ్ళు, టెస్టింగులో కొన్నాళ్ళు, చివరికి డెవలప్‌మెంట్. ఇది చదువుతున్న వాళ్ళలో సగం మంది కథ ఇదేనని నా అనుమానం.

మేనల్లుడు ఫోన్ అందుకున్నాడు. "మామయ్యా, నాకు రోబోలు చెయ్యాలని ఉంది. రోబో అంటే మెకానికలే గదా?" వెనక నుంచి బావ గొంతు: "రోబోకైనా సాఫ్ట్‌వేర్ రాసేటోడే కావాలె గదరా!"

ఇద్దరి మాటా సగం నిజం. అదే వచ్చిన చిక్కు. ఒకళ్ళు పూర్తిగా తప్పయితే నా పని తేలికయ్యేది. వారం రోజులు టైమివ్వమని ఫోన్ పెట్టేశాను.

టైము అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2011లో సూర్యాపేటలో ఉండే మా చిన్నాన్న కొడుక్కి ఇదే సలహా చెప్పాను. వాడి చేతుల్లో ఏదో ఉండేది. పదో క్లాసులోనే మోటారు విప్పి వైండింగు చూసేవాడు. మెకానికల్ అంటే వద్దని గంటసేపు లెక్చరిచ్చి సీఎస్ఈలో చేర్పించాను. ఇప్పుడు బాగానే ఉన్నాడు. హైదరాబాదులో ఫ్లాటు, కారు, ఇద్దరు పిల్లలు. నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఆదివారాలు వాళ్ళ అపార్ట్‌మెంట్లో ఎవరి మిక్సీ పాడైనా, ఎవరి వాషింగ్ మెషీన్ మొరాయించినా ఉచితంగా బాగుచేస్తుంటాడు. ఒకసారి వెళ్ళినప్పుడు చూశాను. వాడి మొహంలో అంత వెలుగు ఆఫీసు సంగతులు చెప్పేటప్పుడు ఎప్పుడూ కనపడలేదు. నా సలహా తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలీదు. రెండోసారి అదే సలహా అదే ధీమాతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

సరే, రోబోలంటున్నాడు కదా, ఆ దారిలో ముందు నడిచిన మన మనిషి ఎవరా అని చూస్తే మొదట తట్టే పేరు రాజ్ రెడ్డి గారిది. మీకు తెలియని పేరేం కాదు. "ట్యూరింగ్ అవార్డు అందుకున్న తొలి ఆసియా సంతతి వ్యక్తి మన తెలుగోడే" అని ఏడాదికోసారైనా ఫార్వర్డ్ వస్తుంది, మనమూ ఇంకో పదిమందికి పంపుతాం. పంపడంతో మన బాధ్యత తీరిపోతుంది. ఆయన అసలు ఏం చదివారు, ఏం చేశారు అని అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు. మొన్నటి దాకా నేనూ అంతే.

దబ్బల రాజగోపాల్ రెడ్డి 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. వ్యవసాయ కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీ నుంచి ఇంజనీరింగ్ పూర్తిచేశారు. బ్రాంచి ఏమిటనుకున్నారు? సివిల్! 1960లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్, తర్వాత అక్కడే ఐబీఎంలో మూడేళ్ళ ఉద్యోగం. అక్కణ్ణించి స్టాన్‌ఫోర్డ్ వెళ్ళి, కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గర 1966లో పీహెచ్‌డీ. మూడేళ్ళు అక్కడే పాఠాలు చెప్పి 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్‌కి మారారు. ఆ తర్వాత ఆయన జీవితం ఆ యూనివర్సిటీదే.

ఆయన పట్టుకున్న ప్రశ్న ఒకటే: మనిషి మాట్లాడితే యంత్రానికి అర్థమవుతుందా? పీహెచ్‌డీ కూడా దాని మీదే. అప్పటి కంప్యూటర్లకి ఒక వాక్యం వినిపిస్తే, దాన్ని విప్పుకోవడానికి వాక్యం కన్నా ఎన్నో రెట్ల సమయం పట్టేది. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం హియర్సే అనే వ్యవస్థను కట్టింది. నోటితో ఎత్తు చెబితే చదరంగం ఆడేది. 1976 నాటికి హార్పీ అనే వ్యవస్థ 1,011 మాటల పదకోశంతో, పదాల మధ్య ఆగకుండా మాట్లాడినా గుర్తుపట్టగలిగింది. వెయ్యి మాటలు! మా అక్క ఫోన్లో ఐదు నిమిషాల్లో వాడే మాటలు అంతకన్నా ఎక్కువే ఉంటాయి. కానీ వెయ్యికి చేరడానికే పదేళ్ళు పట్టింది. ఆ ప్రయోగశాల నుంచే జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు వచ్చి డ్రాగన్ సిస్టమ్స్ పెట్టారు. మాట్లాడే మనిషి ఎవరైనా గుర్తుపట్టే స్ఫింక్స్‌ని 1988 ప్రాంతంలో చేసిన కై-ఫు లీ కూడా ఆయన శిష్యుడే. ఫోన్లోకి సిరి వచ్చింది 2011లో. 1966 నుంచి లెక్కేసుకోండి, నలభై అయిదేళ్ళు. మనకి రెండు స్ప్రింట్లలో డెమో రాకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

ఇది సాఫ్ట్‌వేరే కదా, రోబోలెక్కడ అంటారా? వస్తున్నా.

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దాని తొలి డైరెక్టరు రాజ్ రెడ్డి గారే. 1991 దాకా, పన్నెండేళ్ళు ఆయనే నడిపారు. వెస్టింగ్‌హౌస్ కంపెనీ డబ్బులు పెట్టింది. ఫ్యాక్టరీల్లో జపాను దూసుకుపోతుంటే అమెరికా కంపెనీలకి నిద్ర పట్టని రోజులవి. నాకు ఆసక్తిగా అనిపించింది ఆ సంస్థ ఎలా కట్టారన్నది. ఇది కంప్యూటర్ వాళ్ళ సొత్తు అని గిరిగీసి కూర్చోలేదు. కంప్యూటర్ వాళ్ళు, మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ వాళ్ళు ఒకే కప్పు కింద పనిచేశారు.

రెండు ఉదాహరణలు చెప్తాను. 1979 మార్చిలోనే పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. రెండో యూనిట్ నేలమాళిగలోకి రేడియేషన్ వల్ల మనుషులు దిగలేని పరిస్థితి. 1984లో అందులోకి దిగి చూసొచ్చింది కార్నెగీ మెలన్‌లో విలియం విటేకర్ బృందం చేసిన రిమోట్ బండి. ఆ విటేకర్ పీహెచ్‌డీ ఎందులో అనుకున్నారు? ఆయనదీ సివిలే! ఇక రెండోది, అదే యూనివర్సిటీలో 1980లో మార్క్ రైబర్ట్ అనే ఆయన లెగ్ ల్యాబ్ పెట్టి ఒంటి కాలి మీద గెంతే యంత్రం చేశాడు. నిలబడితే పడిపోతుంది, గెంతుతూ ఉంటేనే నిలుస్తుంది. (మా మేనేజర్ గుర్తొచ్చాడు.) ఆ రైబర్టే 1992లో బోస్టన్ డైనమిక్స్ స్థాపించాడు. ఇప్పుడు మనం వీడియోల్లో నోరు తెరుచుకుని చూసే, పల్టీలు కొట్టే రోబోల తాత ఆ ఒంటి కాలి యంత్రమే.

ఇవేవీ రాజ్ రెడ్డి గారు స్వయంగా చేసినవి కావు. ఆ పనులు జరిగే చోటు కట్టిన వాళ్ళలో ఆయన ముందున్నారు. ఇది ఇంకా కష్టమైన పని అని నా అభిప్రాయం. ఒక మంచి ప్రోగ్రాం ఒక్కడు కూర్చుని రాయొచ్చు. నాలుగు శాఖల ప్రొఫెసర్లని ఒక గదిలో కూర్చోబెట్టి పని చేయించాలంటే ఎంత ఓర్పుండాలో రెండు టీముల మధ్య ఒక ఏపీఐ కోసం మీటింగు పెట్టిన వాళ్ళకెవరికైనా తెలుస్తుంది.

1995లో అదే సంస్థ వాళ్ళు నావ్‌ల్యాబ్ 5 అనే వ్యాన్లో పిట్స్‌బర్గ్ నుంచి శాన్‌డియాగో దాకా వెళ్ళారు. 2,849 మైళ్ళలో 98 శాతం పైగా స్టీరింగు కంప్యూటరే తిప్పింది. బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మనిషి చేతిలోనే. అదే బండిని సూర్యాపేట నుంచి కోదాడ దాకా తోలమంటే? కోతల టైములో హైవే పక్కన ఆరబోసిన వడ్లు, ఎదురుగా రాంగ్ రూట్లో ట్రాక్టరు, డివైడర్ సందులోంచి బర్రె. సరదాకి అంటున్నా గానీ, ఇందులో పాయింటుంది. రోబో అనేది ఎక్కడో ఒక నేల మీద నిలబడాలి. ఆ నేల ఎలా ఉంటుందో తెలిసినవాడు కావాలి.

ఇప్పుడు మా ఊళ్ళ సంగతి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాక మా వైపు అంతా వరే. ఆ వడ్లు చేరేది మిర్యాలగూడ. ఊరి చుట్టూ ఎటు చూసినా మిల్లులే. మా పెదనాన్న ఒక మిల్లులో ఫిట్టరుగా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. చదువు ఏడో తరగతి. స్క్రూడ్రైవర్ కొన బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. "ఇది వారం ఆగుతది, అది ఇయ్యాల్నే మార్చాలె" అనేవాడు. ఆయన మాట తప్పినట్టు నేను వినలేదు. యంత్రానికి మనిషి మాట వినిపించడానికి రాజ్ రెడ్డి గారు జీవితమంతా పెట్టారు. మా పెదనాన్న యంత్రం మాట వినేవాడు. పోలిక మరీ పెద్దదేమో, పెదనాన్న మీద ప్రేమ అనుకుని క్షమించండి.

ఇప్పుడు అవే మిల్లుల్లో కలర్ సార్టర్లు వచ్చాయి. చూడకపోతే ఒకసారి తప్పకుండా చూడండి. బియ్యం సన్నటి ధారలా జారుతుంటే కెమెరాలు ఒక్కో గింజనీ చూస్తాయి. నల్లదో, రంగు మారిందో కనపడిందా, సరిగ్గా ఆ గింజ మీదకి గాలి ఊది పక్కకి నెట్టేస్తుంది. చూడ్డం, నిర్ణయించడం, చెయ్యడం, ఈ మూడూ కలిస్తే రోబో కాక ఇంకేమిటి? చేతులూ తలకాయా లేవు కాబట్టి మనం దాన్ని రోబో అనం. నాట్లేసే యంత్రాలు, కోత మిషన్లు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఇవన్నీ మా ఇంటికి గంట దూరంలో ఉన్నాయి. కూలీలు దొరకడం లేదని ప్రతి రైతూ మొత్తుకుంటున్నాడు. అంటే పని ఉంది, అవసరం ఉంది. అదే దారిలో ఇంజనీరింగ్ కాలేజీలూ ఉన్నాయి. ఈ రెండిటి మధ్యా మాటామంతీ మాత్రం లేవు.

కాలేజీల్లో ఏం జరుగుతోందో మీకూ తెలుసు. మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకుని సీఎస్ఈ, దాని పేరుకి ఏదో ఒక తోక తగిలించిన బ్రాంచీలు పెంచుకుంటున్నారు. ఒక బ్రాంచిలో ఎన్ని సీట్లుండాలన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక ఇది ఇంకా ఊపందుకుంది. ఇంకో పక్క 2023 మేలో తెలంగాణ ప్రభుత్వం దేశంలోనే మొదటిదంటూ రోబోటిక్స్ విధానం ప్రకటించింది. మంచిదే. కానీ బేరింగు ఎందుకు అరుగుతుందో తెలిసినవాడు లేకుండా రోబో ఎవరు చేస్తారండీ? మోటారు, గేరు, చెయ్యి బయట నుంచి కొనుక్కొచ్చి మనం యాప్ రాస్తామా? అదే చేస్తామని నా భయం.

ఇదంతా అక్కకి ఫోన్లో చెప్పాను. బుధవారం రాత్రి, ముప్పావుగంట. అక్క అంతా విని ఒకే ప్రశ్న వేసింది.

"అయితే ఆ రెడ్డి గారు కూడా సివిల్ ఇడిచిపెట్టి కంప్యూటర్‌కే పోయిండు గదా. మరి నేను చెప్పేది కూడా అదే గదరా?"

ఒక్క నిమిషం నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళ డిజైన్ రివ్యూల్లో ఇంత సూటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

నిజమే. ఆయన జీవితం చూపించి "కాబట్టి మెకానికల్ చదువు" అనడం కుదరదు. అలా అంటే అబద్ధమవుతుంది. ఆయన మారారు. మారడం తప్పు కాదు. నేనూ మారాను. తేడా ఎక్కడుందంటే, ఆయన ఒక ప్రశ్న వెంటపడి మారారు, నేను జీతం వెంటపడి మారాను. నన్ను నేను తిట్టుకోవడం లేదు. ఆ జీతంతోనే చెల్లెలి పెళ్ళి చేశాను, నాన్న ఆపరేషన్ చేయించాను, ఊళ్ళో ఇల్లు నిలబెట్టాను. తొలి జీతంతో ఇంటి అప్పు తీర్చాల్సిన పిల్లవాడికి "నీ ప్రశ్న వెంటపడు" అని నీతులు చెప్పే హక్కు నాకు లేదు. కానీ మా మేనల్లుడికి ఆ ఇబ్బంది లేదు. మా తరం సంపాదించింది కాస్తో కూస్తో ఉంది. అది వాడికి ఒక ఛాన్సు ఇవ్వడానికి కాకపోతే ఇంకెందుకు?

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. రాజ్ రెడ్డి గారి వెనక అమెరికా రక్షణ శాఖ పరిశోధన నిధులున్నాయి, పెద్ద కంపెనీ డబ్బుంది, దశాబ్దాల పాటు ఓపిక పట్టిన యూనివర్సిటీ ఉంది. కోదాడ కుర్రాడికి అవి లేవు. ఆయనకీ ఈ సంగతి తెలుసనే అనిపిస్తుంది, ఎందుకంటే పేరొచ్చాక ఇక్కడ ఆయన పట్టించుకున్నది ఇలాంటి పిల్లల్నే. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు, 2001లో పద్మభూషణ్, ఇవి అందరూ చెప్పేవే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పాలక మండలికి అధ్యక్షుడిగా పనిచేశారు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పెట్టిన ఆర్‌జీయూకేటీకి తొలి ఛాన్సలరు ఆయనే. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లల్ని మార్కుల్ని బట్టి తీసుకుని ఆరేళ్ళు అక్కడే చదివించే పద్ధతి. అక్కడ మెకానికల్, సివిల్ బ్రాంచీలు కూడా ఉన్నాయి, గమనించండి.

అన్నట్టు, మన పాత బ్లాగర్లు గుర్తుపట్టే ఇంకో సంగతి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి పాత తెలుగు పుస్తకాలు ఒక్కో పేజీ లెక్కన రాత్రంతా దించుకున్న రోజులు గుర్తున్నాయా? ఆ స్కానింగు వెనకున్న పది లక్షల పుస్తకాల ప్రాజెక్టుకి ముందుండి నడిపింది కూడా ఈయనే. 2007 నాటికి ఆ లెక్క పది లక్షలు దాటింది. అంటే రోబోల సంగతి తెలియకపోయినా, మనలో చాలామంది ఈయనకి ఎప్పుడో బాకీ పడ్డాం.

సరే, చివరికి మేనల్లుడికి ఏం చెప్పానంటారా? బ్రాంచి పేరు చెప్పలేదు. మూడు పనులు చెప్పాను.

ఒకటి, ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీకి స్వయంగా వెళ్ళి వర్క్‌షాపు చూసి రా. లేతు మీద దుమ్ముందా, నూనె ఉందా చూడు. దుమ్ముంటే ఆ కాలేజీలో మెకానికల్ వద్దు. నేను చదివిన చోట సీఎన్‌సీ మెషీన్‌కి నాలుగేళ్ళూ తాళమే, తనిఖీ వాళ్ళు వచ్చిన రోజు తప్ప. నాకు మెకానికల్ మీద ప్రేమ పోయింది ఆ తాళం దగ్గరే.

రెండు, మెకానికల్ తీసుకుంటే లెక్కలూ ప్రోగ్రామింగూ వదలొద్దు. సీఎస్ఈ తీసుకుంటే సెలవుల్లో మిల్లుకి పోయి ఒక మోటారైనా విప్పు. రెండిట్లో ఏది వదిలినా రోబో చెయ్యలేవు.

మూడు, ఈ వారం మిర్యాలగూడ పోయి పెదతాత పనిచేసిన మిల్లులో కలర్ సార్టర్ ముందు ఒక గంట నిలబడు. గంట తర్వాత కూడా "ఇదెలా పనిచేస్తోంది" అన్న ప్రశ్న ఉంటే అప్పుడు ఫోన్ చెయ్యి.

నిన్న ఫోన్ చేశాడు. గంట కాదు, మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాడట. "మామయ్యా, గాలి ఊదినప్పుడు పక్కన మంచి గింజలు కూడా కొన్ని పోతున్నయ్. అది తగ్గించొచ్చా?" అని అడిగాడు. నాకు తెలీదన్నాను. వాడు ఇంకా బ్రాంచి తేల్చుకోలేదు. అక్క మాత్రం నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. బావ ఫోనే ఎత్తట్లేదు.

మీలో మెకానికల్ చదివి ఇటొచ్చిన వాళ్ళు ఎందరో ఉంటారు. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోన్ ఈ నెల వచ్చే ఉంటుంది. మీరేం చెప్పారు? "ప్యాకేజీ" అనే మాట వాడకుండా ఒక్కసారి చెప్పి చూడండి. నాకైతే ముప్పావుగంట పట్టింది.